స్టేషన్‌కి రమ్మని ఫోన్ వస్తే: పోలీసు విచారణలో మీ హక్కులు, అడుగడుగునా

"ఒకసారి స్టేషన్‌కి వచ్చి వెళ్లండి, చిన్న ఎంక్వైరీ ఉంది." మన దగ్గర పోలీసు విచారణ చాలావరకు ఇలాంటి ఫోన్‌తోనే మొదలవుతుంది. కేసు నంబరు చెప్పరు, ఎందుకో చెప్పరు. ఫోన్ పెట్టేశాక ఇంట్లో టెన్షన్. ముందుగా తెలిసిన కార్పొరేటర్‌కో, సర్పంచ్‌కో ఫోన్ వెళ్తుంది. లాయరు గుర్తొచ్చేది అరెస్టయ్యాకే. నన్నడిగితే ఈ వరుసే తప్పు. లాయరు చేయగలిగిన పనిలో సగం మీరు స్టేషన్ మెట్లెక్కక ముందే ఉంటుంది.

ఇంకో మాట. 2024 జూలై 1 నుంచి పాత నేర విచారణ పద్ధతి చట్టం, అంటే సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లో ఉంది. అందరూ దాన్ని బీఎన్‌ఎస్‌ఎస్ అంటున్నారు. సెక్షన్ల నంబర్లు మారాయి. పేపర్లలో ఇంకా "41ఏ నోటీసు" అనే రాస్తున్నారు గానీ, మీ చేతికి వచ్చే కాగితం మీద ఇప్పుడు 35(3) అని ఉంటుంది. కింద చెప్పే నంబర్లన్నీ కొత్తవే.

మొదటి అడుగు: మిమ్మల్ని ఏ హోదాలో పిలుస్తున్నారో తేల్చుకోండి

మీ హక్కులన్నీ ఈ ఒక్క ప్రశ్న మీద ఆధారపడతాయి. ఫోన్‌లోనే, గొంతు పెంచకుండా అడగండి: "సార్, మీ పేరు, హోదా, స్టేషన్ చెప్తారా? క్రైమ్ నంబరు ఉందా? నన్ను సాక్షిగా పిలుస్తున్నారా, కేసులో నా పేరుందా? నోటీసు పంపితే తప్పకుండా వస్తాను." ఇలా అడగడం ఎదురు తిరగడం కిందికి రాదు. జవాబులు రాసిపెట్టుకోండి, ఫోన్ వచ్చిన టైముతో సహా.

సాక్షిగా పిలిస్తే అది 179వ సెక్షన్. దర్యాప్తు అధికారి రాతపూర్వకంగా పిలవాలి. మీరు ఆ స్టేషన్ పరిధిలో గానీ, ఆనుకుని ఉన్న స్టేషన్ పరిధిలో గానీ ఉండాలి. చాలామందికి తెలియనిది ఇందులో ఒకటుంది: ఏ వయసు మహిళనైనా, 15 ఏళ్ల లోపు, 60 ఏళ్లు దాటిన మగవాళ్లను, దివ్యాంగులను, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్లను సాక్షిగా స్టేషన్‌కి రమ్మని ఒత్తిడి చేయకూడదు. పోలీసులే వాళ్లుండే చోటికి వచ్చి అడగాలి. తమంతట తాము వస్తామంటే అది వేరు. కొడుకు దొరకలేదని తల్లిని, భర్త పరారీలో ఉన్నాడని భార్యను తీసుకెళ్లి స్టేషన్‌లో కూర్చోబెట్టడం మన ఊళ్లలో మామూలైపోయింది. దానికి చట్టంలో ఎక్కడా చోటు లేదు.

కేసులో మీ మీద అనుమానమో ఫిర్యాదో ఉండి, వెంటనే అరెస్టు అక్కర్లేదనుకుంటే 35(3) నోటీసు ఇస్తారు. దీని సంగతి తర్వాత చెప్తాను. మూడోది అరెస్టు.

ఈ మూడింట్లోనూ పడని పిలుపు ఒకటుంది. ఎఫ్‌ఐఆర్ ఉండదు, ఎవరో పిటిషన్ పెట్టారంటారు. చిట్టీ డబ్బులు, ప్రామిసరీ నోటు బాకీ, ఇంటి స్థలం గట్టు తగాదా, అద్దె ఖాళీ చేయకపోవడం. ఫిర్యాదులో నేరం ఉందో లేదో చూసుకోవడానికి పోలీసులకు కొంత వెసులుబాటు ఉంది. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాలకు డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ చేయొచ్చని 173వ సెక్షనే చెప్తోంది. కానీ బాకీ వసూలు చేసే అధికారం, స్థలం ఎవరిదో తేల్చే అధికారం పోలీసులకు లేవు, అవి సివిల్ కోర్టు పనులు. "కౌన్సెలింగ్" పేరుతో పెద్దమనుషులను పెట్టి, ఖాళీ కాగితం మీదో కొత్త నోటు మీదో సంతకం పెట్టించుకుంటుంటే అక్కడే ఆగండి. "మా లాయర్ గారితో మాట్లాడి చెప్తాను సార్" అంటే సరిపోతుంది.

వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకుని "మిమ్మల్ని డిజిటల్ అరెస్ట్ చేశాం, కెమెరా ముందు నుంచి కదలొద్దు" అనేవాడు పోలీసు కాదు, దొంగ. అలాంటి అరెస్టు మన చట్టంలో లేదు. సీబీఐ అన్నా, కస్టమ్స్ అన్నా, పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయన్నా ఫోన్ పెట్టేసి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి. పిల్లలు విదేశాల్లో ఉండి ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.

రెండో అడుగు: 35(3) నోటీసు అందితే

దీన్ని చూసి భయపడాల్సిన పని లేదు. ఒక రకంగా ఇది మీకు రక్షణే. 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఒక విషయం గట్టిగా చెప్పింది: ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో కేసు పెట్టినంత మాత్రాన అరెస్టు చేయకూడదు, అరెస్టు ఎందుకు అవసరమో కారణాలు రాయాలి. అది వరకట్న వేధింపుల కేసు. అప్పటి 498ఏ సెక్షన్‌లో భర్తతో పాటు అత్తమామలను, అమెరికాలో ఉన్న ఆడపడుచును కూడా ఏ3, ఏ4లుగా చేర్చే కేసులు తెలుగు కుటుంబాలకు కొత్త కాదు. ఆ తీర్పు మిగతా నేరాలకూ వర్తిస్తుంది.

నోటీసులో చెప్పిన తేదీకి వెళ్తూ, షరతులు పాటిస్తూ ఉంటే మిమ్మల్ని అరెస్టు చేయకూడదు. చేయాల్సి వస్తే ఎందుకో రాసి చేయాలి. వెళ్లకపోతే మాత్రం అరెస్టుకు మీరే దారి ఇచ్చినట్టు. ఆ రోజు ఆస్పత్రిలో ఉన్నా, ఊళ్లో లేకపోయినా, ఇంకో తేదీ అడుగుతూ ముందుగానే ఉత్తరం రాయండి. దాని కాపీ మీద స్టేషన్ ముద్ర వేయించుకోండి, కుదరకపోతే రిజిస్టర్డ్ పోస్టు చేయండి. వెళ్లిన ప్రతిసారీ "ఫలానా రోజు ఇన్ని గంటలకు హాజరయ్యారు" అన్న రాత తీసుకోవాలి. అది ఇవ్వనంటే బయటికి రాగానే అదే విషయం దర్యాప్తు అధికారికి మెయిల్ చేయండి.

వాట్సాప్‌లో నోటీసు వస్తే? అది సరైన పద్ధతి కాదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అలాగని చూసీ చూడనట్టు వదిలేయకండి. లాయరు ద్వారా "వాట్సాప్‌లో వచ్చింది, చట్ట ప్రకారం నోటీసు అందజేస్తే హాజరవుతాను" అని జవాబివ్వండి. సాంకేతిక కారణం చూపించి ఇంట్లో కూర్చోవడం తెలివైన పని కాదు.

అరెస్టు తప్పదన్న అనుమానం గట్టిగా ఉంటే ముందస్తు బెయిల్‌కి 482వ సెక్షన్ కింద సెషన్స్ కోర్టుకో హైకోర్టుకో వెళ్లాలి. పాస్‌పోర్టు అడిగితే ఒకటి గుర్తుంచుకోండి. పోలీసులు దాన్ని స్వాధీనం చేసుకోగలరు గానీ, శాశ్వతంగా అట్టిపెట్టుకునే అధికారం పాస్‌పోర్టు అధికారులదేనని సుప్రీంకోర్టు 2008లోనే తేల్చింది.

మూడో అడుగు: బయల్దేరే ముందు

ఎక్కడికి వెళ్తున్నారో, ఎవరు పిలిచారో, ఎప్పటికి వస్తారో ఇద్దరికి చెప్పండి. ఫలానా టైముకి ఫోన్ చేయకపోతే ఏం చేయాలో కూడా చెప్పండి. బీపీ, షుగర్ మందులు జేబులో పెట్టుకోండి. పత్రాలు అడిగితే జిరాక్సులు ఇవ్వండి. ఒరిజినల్స్ ఇవ్వాల్సి వస్తే రసీదు లేకుండా ఇవ్వకండి. జరిగిందంతా తేదీలతో ఒక కాగితం మీద రాసుకోండి, కానీ అది లాయరుకి చూపించడానికే. జేబులో పెట్టుకుని స్టేషన్‌లోకి వెళ్లకండి.

లాయరుకి ఇచ్చుకునే స్తోమత లేకపోతే 15100కి ఫోన్ చేయండి. అది జాతీయ న్యాయసేవల సంస్థ నంబరు. కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయసేవాధికార సంస్థకి నేరుగా వెళ్లినా సరే. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు. అరెస్టుకు ముందు విచారణ దశలో కూడా ఈ సాయం అడగొచ్చు.

నాలుగో అడుగు: గదిలో కూర్చున్నాక

పేరు, ఊరు, వృత్తి లాంటివి దాచకండి. ఆపైన అడిగేవాటికి నిజమే చెప్పాలి. అయితే జవాబు మిమ్మల్నే నేరంలో ఇరికించేలా ఉంటే చెప్పనక్కర్లేదని 180వ సెక్షన్ చెప్తోంది. దీని వెనక రాజ్యాంగంలోని 20(3) అధికరణ ఉంది: నిందితుడిని తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని ఎవరూ బలవంతం చేయకూడదు.

ఈ హక్కు కోర్టు బోనుకే పరిమితమా, పోలీస్ స్టేషన్‌లో కూడా ఉంటుందా అన్న ప్రశ్న 1978లో ఒడిశా మాజీ ముఖ్యమంత్రి నందినీ శతపథి కేసులో వచ్చింది. అక్రమాస్తుల ఆరోపణల మీద పోలీసులు ఆమెకు ప్రశ్నల జాబితా ఇచ్చారు. ఆమె జవాబు చెప్పనంటే దాని మీద ఇంకో కేసు పెట్టారు. పోలీసుల ముందు కూడా మౌనంగా ఉండే హక్కు ఉందని, ఆ కేసుకే కాదు, మరో కేసుకి దారితీసే జవాబుకి కూడా అది వర్తిస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. లైడిటెక్టర్, నార్కో, బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలు మనిషి ఒప్పుకోకుండా చేయకూడదని 2010 సెల్వి తీర్పు తేల్చింది. "తప్పు చేయకపోతే నార్కోకి ఎందుకు భయం" అని టీవీ చర్చల్లో అంటుంటారు. కాదనడానికి మీకు హక్కుంది, కారణం చెప్పనక్కర్లేదు.

మౌనం వేరు, అబద్ధం వేరు. అబద్ధం చెప్తే కొత్త చిక్కు కొని తెచ్చుకున్నట్టే. గుర్తులేనిది గుర్తులేదనే చెప్పండి, అంచనాలు వేసి తేదీలు, మొత్తాలు చెప్పకండి. చెప్పకూడదనుకున్నదానికి ఒకే వాక్యం చాలు: "సార్, దీనికి మా లాయర్ గారిని అడిగి జవాబు చెప్తాను." అదే ప్రశ్న మాటలు మార్చి మళ్లీ మళ్లీ అడుగుతారు. ఓపిక పట్టి అదే వాక్యం మళ్లీ చెప్పండి.

అరెస్టయినవాళ్లకు విచారణ జరుగుతుండగా నచ్చిన లాయరుని కలిసే హక్కు 38వ సెక్షన్ ఇస్తుంది. మొదటి నుంచి చివరి దాకా పక్కన కూర్చోబెట్టుకునే హక్కు మాత్రం ఇవ్వదు. నోటీసు మీద వెళ్లినప్పుడు కూడా లాయరుని వెంట తీసుకెళ్లి, కనీసం బయట కూర్చోనివ్వమని అడగండి.

ఇక సంతకాలు. ఎక్కువమంది మునిగేది ఇక్కడే. పోలీసులు నమోదు చేసుకునే 180 వాంగ్మూలం మీద మీ సంతకం ఉండకూడదని 181వ సెక్షన్ స్పష్టంగా చెప్తోంది. రైటర్ రాసుకొచ్చి "ఇక్కడో సంతకం పెట్టండి" అంటే అది ఏ కాగితమో చదవండి. హాజరు, నోటీసు అందినట్టు రసీదు, అరెస్టు మెమో, స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా లాంటి వాటి మీద చదివి, తేదీ, టైము వేసి పెట్టొచ్చు. ఖాళీ కాగితం మీద ఎప్పుడూ పెట్టకండి. చదవడం రాని పెద్దవాళ్లయితే చదివి వినిపించమని అడగాలి.

పోలీసులకు చెప్పిన నేరాంగీకారం కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. ఇది ఇప్పుడు పాత సాక్ష్య చట్టం స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 23వ సెక్షన్‌లో ఉంది. ప్రెస్‌మీట్‌లో ముసుగులు వేసి నిలబెట్టి "నేరం ఒప్పుకున్నారు" అన్నా అంతే. మరి రిమాండ్ రిపోర్టుల్లో "కన్ఫెషన్ పంచనామా" ఎందుకుంటుంది? ఆ సెక్షన్‌లోనే ఒక కిటికీ తెరిచి ఉంది కాబట్టి. మీరు చెప్పిన మాట వల్ల కత్తో, నగలో, ఫోనో దొరికితే, ఆ దొరకడానికి దారి చూపిన మాట వరకు కోర్టు తీసుకుంటుంది. అందుకే వీఆర్వోనో, మరొకరినో మధ్యవర్తులుగా, అంటే పంచనామా సాక్షులుగా పెట్టి అంతా రాస్తారు. "ఒప్పుకో, స్టేషన్‌లోనే వదిలేస్తాం" అన్న మాటలకు లొంగకండి. ఆశ చూపి, బెదిరించి చెప్పించకూడదని 182వ సెక్షన్ ఉంది. నిజంగా ఒప్పుకునే ఉద్దేశం ఉంటే అది మేజిస్ట్రేట్ ముందు 183 కింద జరగాలి. "నువ్వు ఒప్పుకోనక్కర్లేదు, ఒప్పుకుంటే నీ మీదే వాడొచ్చు" అని మేజిస్ట్రేట్ ముందుగా చెప్పాలి. అప్పుడు మనసు మార్చుకుని ఒప్పుకోనంటే, ఆ కారణంగా మిమ్మల్ని తిరిగి పోలీస్ కస్టడీకి పంపకూడదు.

ఫోన్ అడిగితే కాగితం అడగండి: ఏ సెక్షన్ కింద, ఏ కేసులో. స్వాధీనం చేసుకుంటే మోడల్, ఐఎంఈఐ నంబరు రాసిన జాబితా కాపీ ఇవ్వాలి. సోదాలు, స్వాధీనాలు ఆడియో, వీడియో రికార్డు చేయాలని 105వ సెక్షన్ కొత్తగా వచ్చింది. పాస్‌వర్డ్ చెప్పి తీరాలా అన్నదాని మీద కోర్టులు ఒకే మాట మీద లేవు. కాబట్టి అక్కడికక్కడ నొక్కి ఇచ్చేయకుండా లాయరుతో మాట్లాడాకే నిర్ణయించుకోండి.

చేయి చేసుకుంటే? నేరం ఒప్పించడానికి కొట్టడమే ఒక నేరం, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 120 కింద ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. అక్కడ తిరగబడకండి. పేరు, టైము, గది గుర్తుపెట్టుకోండి. స్టేషన్లన్నింట్లో సీసీ కెమెరాలు ఉండాలని, ఫుటేజీ 18 నెలలు దాచాలని సుప్రీంకోర్టు 2020లో ఆదేశించింది. బయటికి రాగానే ఆ తేదీ ఫుటేజీ భద్రపరచమని రాతపూర్వకంగా అడగండి. ఆలస్యమైతే చెరిగిపోయిందంటారు.

పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలైతే లెక్క పూర్తిగా వేరు. లాకప్‌లో పెట్టకూడదు, బాలల వ్యవహారాలు చూసే పోలీసులే చూడాలి, జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకి తీసుకెళ్లాలి.

పైన చెప్పినదంతా మామూలు పోలీసు కేసుల సంగతి. ఈడీ సమన్లు వస్తే ఇవే లెక్కలు వేసుకుని వెళ్లకండి. మనీలాండరింగ్ చట్టం 50వ సెక్షన్ కింద ఇచ్చే వాంగ్మూలం మీద సంతకం పెట్టాలి, అది సాక్ష్యంగా పనికొస్తుంది. ఆ అధికారాన్ని సుప్రీంకోర్టు 2022లో సమర్థించింది. అక్కడికి లాయరు సలహా లేకుండా వెళ్లనే వద్దు.

ఐదో అడుగు: అరెస్టు చేస్తే

పేరు కనిపించే బ్యాడ్జితో ఉన్న అధికారి అరెస్టు మెమో రాయాలి. కుటుంబ సభ్యుడో, ఊళ్లో పేరున్న మనిషో సాక్షి సంతకం చేయాలి, మీరూ చేయాలి. 1996 డిసెంబరులో డీకే బసు కేసులో సుప్రీంకోర్టు పెట్టిన ఈ నియమాలే ఇప్పుడు 36వ సెక్షన్‌గా ఉన్నాయి. మీరు చెప్పిన బంధువుకో స్నేహితుడికో అరెస్టు సంగతి, ఎక్కడ ఉంచారన్నదీ తెలియజేయాలి. ఎందుకు అరెస్టు చేస్తున్నారో మీకు అర్థమయ్యే భాషలో, రాతపూర్వకంగా ఇవ్వాలి. తప్పనిసరి పరిస్థితుల్లో ముందు నోటితో చెప్పినా, రిమాండ్‌కి హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందు కాగితం చేతికి రావాలని సుప్రీంకోర్టు 2025 నవంబరులో చెప్పింది. సెక్షన్ల పట్టిక ఒక్కటీ ఇచ్చి ఊరుకుంటే చాలదు.

మహిళలను సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయం లోపు అరెస్టు చేయకూడదు. మరీ తప్పనిసరైతే మహిళా అధికారి ఉండాలి, మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి ఉండాలి. మూడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో 60 దాటినవాళ్లను, ఆరోగ్యం బాగాలేనివాళ్లను అరెస్టు చేయాలంటే డీఎస్పీ స్థాయి అధికారి అనుమతి కావాలి. బెయిల్ ఇవ్వదగ్గ నేరమైతే పూచీకత్తు మీద అక్కడే వదలాలి, దాన్నే మనవాళ్లు స్టేషన్ బెయిల్ అంటారు. అది మీ హక్కు, ఎవరి దయా కాదు.

వైద్య పరీక్ష చేయించాలి. ఒంటి మీద గాయాలుంటే డాక్టరుకి ప్రతిదీ చూపించండి, రిపోర్టు కాపీ అడగండి.

24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి, ప్రయాణ సమయం మాత్రమే మినహాయింపు. ఆదివారమైతే మేజిస్ట్రేట్ ఇంటికైనా తీసుకెళ్తారు. అసలు తంతు ఇక్కడే నడుస్తుంది. సోమవారం ఎత్తుకెళ్లి, గురువారం బస్టాండ్ దగ్గర "అనుమానాస్పదంగా తిరుగుతుండగా పట్టుకున్నాం" అని అరెస్టు చూపిస్తారు. 24 గంటలు లెక్కపెట్టాల్సింది కాగితం మీద అరెస్టు టైము నుంచి కాదు, మనిషిని కదలనివ్వకుండా అదుపులోకి తీసుకున్నప్పటి నుంచేనని తెలంగాణ హైకోర్టు 2024లో చెప్పింది. ఆ సోమవారాన్ని నిరూపించాల్సిన పని మాత్రం ఇంట్లోవాళ్ల మీదే పడుతుంది.

ఆరో అడుగు: ఇంట్లోవాళ్లు చేయాల్సింది

మనిషిని తీసుకెళ్లిన టైము, వచ్చినవాళ్ల గుర్తులు, బండి నంబరు రాయండి. ఎదురింటి సీసీ కెమెరా ఫుటేజీ ఆ రోజే తీసుకోండి. 112కి ఫోన్ చేసి ఎవరో తీసుకెళ్లారని చెప్పండి, ఆ కాల్ రికార్డవుతుంది. ఎస్పీకో కమిషనర్‌కో మెయిల్ పంపండి. మెయిల్ మీద పడే టైమే రేపు హైకోర్టులో మాట్లాడుతుంది. అరెస్టయినవాళ్ల పేర్లు ప్రతి స్టేషన్‌లో, జిల్లా కేంద్రంలో ప్రదర్శించాలని 37వ సెక్షన్ చెప్తోంది, వెళ్లి అడగండి. అక్రమంగా నిర్బంధించారనుకుంటే 100వ సెక్షన్ కింద వెతికించమని మేజిస్ట్రేట్‌ని కోరొచ్చు. ఎక్కడున్నాడో తెలియకపోతే మనిషిని కోర్టు ముందుకు తీసుకురమ్మని కోరే హెబియస్ కార్పస్ పిటిషన్ హైకోర్టులో వేయొచ్చు, ఇవి చాలా త్వరగా విచారణకు వస్తాయి.

ఏడో అడుగు: మేజిస్ట్రేట్ ముందు నోరు విప్పండి

"పోలీసులు కొట్టారా? ఏమైనా చెప్పుకోవాలా?" అని జడ్జి అడుగుతారు. పక్కన నిలబడ్డ కానిస్టేబుల్‌ని చూసి "లేదు సార్" అనేవాళ్లే ఎక్కువ. ఆ ఒక్క మాట ఆర్డరులో నమోదయ్యాక తర్వాత ఎన్ని ఫిర్యాదులు పెట్టినా బలం తగ్గిపోతుంది. దెబ్బలు, అసలు పట్టుకున్న రోజు, ఇంట్లోవాళ్లకు చెప్పకపోవడం, కాగితాలు ఇవ్వకపోవడం, ఏది జరిగితే అది అక్కడే చెప్పండి. లాయరు లేకపోతే లేడని చెప్పండి, రిమాండ్ దశలోనే కోర్టు ఉచితంగా ఇవ్వాలి.

తర్వాత పోలీసులు కస్టడీ కోరవచ్చు. మొత్తం 15 రోజులే, కానీ కొత్త చట్టంలో వాటిని నేరాన్ని బట్టి మొదటి 40 లేదా 60 రోజుల్లో విడతలుగా తీసుకునే వీలుంది. కాబట్టి మొదటి రెండు వారాలు గడిచాక "ఇక కస్టడీ గొడవ లేదు" అనుకోవద్దు. కస్టడీ ఇచ్చేటప్పుడు లాయరు కనిపించేంత దూరంలో ఉండాలని, ముందూ వెనకా వైద్య పరీక్ష చేయించాలని షరతులు పెట్టమని మీ లాయరు ఆ రోజే కోరాలి.

హక్కులు తొక్కేశారనుకుంటే ఎస్పీకి లేదా కమిషనర్‌కి, రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కి రాయొచ్చు, నేరుగా మేజిస్ట్రేట్ దగ్గర ఫిర్యాదు వేయొచ్చు. మానవ హక్కుల కమిషన్‌కైతే ఘటన జరిగిన ఏడాదిలోపే వెళ్లాలి. ఫిర్యాదుతో పాటు వైద్య రిపోర్టు, మెయిల్ కాపీలు, నోటీసు, హాజరు రసీదులు జతచేయండి. ఎక్కడ ఇచ్చినా మీ కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి.